వీరభద్రం గారి అద్దాల గది

రాసుకో శ్రావ్యా. డిప్లొమా ఎప్పుడు పాసయ్యాను, జీతం ఎప్పుడు పెరిగింది, రిటైరైన రోజున ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ వద్దు. వచ్చే నెల నువ్వు బిల్డరు ఆఫీసులో చేరుతున్నావు. వాళ్ళు నిన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి బొమ్మలు గీయిస్తారు. గోడ ఎంత మందం, ఇనుము ఎంత లావు అని నేర్పిస్తారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటుంది, అది చెబుతాను. నేను ఎలా మాట్లాడితే అలా రాయి, మధ్యలో అందంగా మార్చకు.

ఈ పని అంటే ఏమిటి

సైటు సూపర్వైజరు తాపీ పట్టుకోడు, రంపం పట్టుకోడు, వెల్డింగు చెయ్యడు. అవి పట్టుకునే మనిషిని ఎంచుతాడు. అంతే. నేను ముప్ఫై ఏళ్ళకి పైగా చేసిందల్లా రెండే మాటలు: ఫలానా మనిషిని పిలవండి, ఫలానా మనిషి వద్దు. మొదటి మాట సరిగ్గా అంటే ఇల్లు నిలబడుతుంది, ఇంటివాళ్ళు మెచ్చుకుంటారు. రెండో మాట అన్నప్పుడు ఆ వద్దన్న మనిషి ఏమయ్యాడో ఎవరూ అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పాలని ఇవాళ కూర్చున్నాను.

జూబ్లీహిల్స్‌లో నేను పనికి దిగినప్పుడు నువ్వు ఇప్పుడు చూస్తున్నవేవీ లేవు. ఏనుగంత గుండ్లు, వాటి మధ్య తుప్పలు, అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు. సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే వచ్చి కట్టుకుంటున్న రోజులు. పొద్దున్నే మందుపెట్టి రాయి పేల్చేవాళ్ళు. పేలిన ముక్కల్నీ మట్టినీ పల్లంలోకి నెట్టేసి, చదును చేసి, దాని మీద లాన్ వేసేవాళ్ళు. పైనుంచి చూస్తే అంతా ఒకటే నేల. కింద సగం కొండ, సగం పోసిన మట్టి. ఆ కొండ మీద పనిచేసేవాడు మొట్టమొదట తెలుసుకోవాల్సింది అదే. నాకు అది తెలుసు. తెలిసి చేసిన తప్పు సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఆడపిల్ల సైటులో ఏం చేస్తుందని నవ్విన మేస్త్రీలు, ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడటం, బాత్రూము లేక మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకపోవడం, ఇవి చాలామంది చెప్పారు, నేను మళ్ళీ చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆడదానివని నవ్వే చోట తప్పు ఒప్పుకోవడం మగవాడికన్నా నీకు ఎక్కువ కష్టం. అది నిజమే. కానీ అది సాకు కాదు. నేను చాలాకాలం దాన్ని సాకుగా వాడుకున్నాను.

సిమెంటులో పేరు

వీరభద్రం గారు ప్రొడ్యూసరు. వాళ్ళ ఇల్లు కట్టిన కాంట్రాక్టరు దగ్గర నేను సూపర్వైజరుని. ఆ కాంట్రాక్టరుకి పని తెలుసు, ఎవరికీ కుదరదని చెప్పడం మాత్రం తెలియదు. ఇల్లు పూర్తవుతుండగా వీరభద్రం గారు ఊటీ షూటింగుకి వెళ్ళి, అక్కడి తోటలో అద్దాల ఇల్లు చూసి వచ్చారు. మనింటికీ అలాంటిది కావాలన్నారు. ఇంటి వెనక గోడకి ఆనించి, ఇనప చట్రం నిలబెట్టి, మూడు పక్కలా పైకప్పుకీ అద్దాలు బిగించిన గది. అందులో మొక్కలు, పేము కుర్చీలు. హైదరాబాదు ఎండకి అది పొయ్యి అవుతుందని కాంట్రాక్టరు గారు అనలేదు, నన్నూ అననివ్వలేదు. కొత్త సినిమా ముహూర్తం షాటు ఆ గదిలోనే తీయాలని రోజు కూడా పెట్టేశారు.

కాంట్రాక్టరు గారు వేరే సైటులో ఉండి ఆ గది నాకు వదిలేశారు. నా చేతికి పూర్తిగా వచ్చిన మొదటి పని అది. కుడివైపు పునాదికి తవ్వితే అడుగు లోతులోనే కొండ రాయి తగిలింది. ఎడమవైపు తవ్వుతుంటే మట్టి, పేల్చిన రాళ్ళ ముక్కలు, మళ్ళీ మట్టి. ఛాతీ లోతు వెళ్ళాక మేస్త్రి పైకి చూసి, ఇంకా తవ్వాలా అమ్మా అని అడిగాడు. రాతి దాకా తవ్వాలని నాకు తెలుసు. ముహూర్తానికి తొమ్మిది రోజులుంది. గునపం వేస్తే ఠంగుమంది. అది కొండ కాదు, పోసిన మట్టిలో పెద్ద రాయి ముక్క అని కూడా నాకు తెలుసు. చాలు, పోసెయ్యండి అన్నాను.

ముహూర్తానికి గది తయారైంది. ఎంత బాగుందో చెప్పలేను. గుమ్మం ముందు మెట్టు సిమెంటు తడిగా ఉండగా మేకు తీసుకుని ఓ మూల 'రాజేశ్వరి' అని రాసుకున్నాను. అంత మురిపెం. తర్వాత దాని మీద పూలకుండీ పెట్టారు, నేనే పెట్టించాను, ఎవరైనా చూస్తే నవ్వుతారని.

ఆ సినిమా వందరోజులు ఆడింది. దానితో ఆ గదికి సెంటిమెంటు వచ్చింది. ఆ తర్వాత వీరభద్రం గారి ప్రతి సినిమా మొదటి షాటు అక్కడే. రెండేళ్ళలో ఆయన నన్ను కాంట్రాక్టరు దగ్గర్నుంచి పిలిపించి తన దగ్గర పెట్టుకున్నారు, ఆ ఇల్లూ, షూటింగులకి అద్దెకిచ్చే మరో రెండు ఇళ్ళూ చూసుకోవడానికి.

గదిలో మూడో ఏటి నుంచి అద్దాలు పగలడం మొదలైంది. ఎప్పుడూ ఎడమవైపే, ఎప్పుడూ అవే మూడు. నేను టోలిచౌకి వెళ్ళి తెచ్చి బిగించేదాన్ని. అద్దాల దుకాణం సేటుకి ఆ మూడింటి కొలత నోటికి వచ్చేసింది. నన్ను చూడగానే అడక్కుండా కోసేవాడు. నాకు కారణం తెలుసు. ఎండకి పగిలిందండి అని చెప్పేదాన్ని.

ఏ సినిమాకి చేశాడు?

ఇక్కడ ఆ ఇళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నీకు మిగతాది అర్థం కాదు. మామూలు ఇంట్లో పనివాణ్ణి పెట్టుకునేటప్పుడు ఎవరింట్లో చేశావు, చూపించు అంటారు. వీరభద్రం గారి ఇంట్లో అడిగే ప్రశ్న, ఏ సినిమాకి చేశాడు? ఆడిన సినిమాకి చేసినవాడి చెయ్యి మంచిది. పోయిన సినిమాకి చేసినవాడు గేటు లోపలికి రాకూడదు. వంటమనిషి ఒక పెద్ద హిట్టుకి లొకేషన్లో వండినవాడు, అందుకే సాంబారు ఉప్పగా ఉన్నా పదేళ్ళున్నాడు. కొళాయి బాగుచేసే అతన్ని ఓసారి సగం పనిలో పంపించేశారు. అతని బావమరిది ఎవరో ఫ్లాపయిన సినిమాకి లైట్లు మోశాడట. రెండు రోజులు ఇల్లంతా బకెట్లతో నీళ్ళు పోసుకున్నాం.

ఇది ఒక్క ఆయన పిచ్చి కాదు. ఫిల్మ్‌నగర్‌లో సగం ఇళ్ళు అలాగే నడిచేవి. కోట్లు పెట్టి, ఏది ఆడుతుందో ఏది పోతుందో తెలియని మనుషులు. తెలియని భయానికి ఎవరో ఒకరి పేరు పెట్టుకోవాలి. నేను లోపల నవ్వుకునేదాన్ని. చదువుకున్నదాన్ని కదా, నాకవి లేవనుకునేదాన్ని. వాటిని నమ్మేవాళ్ళకన్నా, నమ్మకుండా వాడుకునేవాళ్ళు ప్రమాదం అని అప్పటికి నాకు తెలియదు.

ఇద్దరు మనుషులు

తొంభైలు మొదలయ్యాక గది ఇక బాగుచేసే స్థితి దాటిపోయింది. చట్రం తుప్పు పట్టింది, తలుపు మూసుకోవడం మానేసింది. వీరభద్రం గారు, అదే చోట, అదే కొలతకి, కొత్తది కట్టించమ్మా, మనిషిని నువ్వే చూడు అన్నారు. నేను ఇద్దర్ని పిలిచాను.

మొదట వచ్చినవాడు సూరిబాబు. కాకినాడ వైపు మనిషి, సెట్లు వేస్తాడు. రెండు వందరోజుల షీల్డులున్నాయి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. గదిలోకి అడుగు పెట్టగానే తలెత్తి కప్పుని, తర్వాత వెలుతుర్ని చూశాడు. రెండు చేతులతో చట్రంలా పట్టుకుని కన్ను పెట్టి చూశాడు. అల్యూమినియంతో చేద్దామండీ, పాలరాతిలా మెరుస్తుంది, ఇరవై రోజులు చాలు అన్నాడు. నేలకేసి చూడనేలేదు. పాత గది ఎవరు కట్టారోగానీ చెయ్యి మంచిదండీ, వయసయిపోయింది అంతే అన్నాడు. నాకు ఆ మాట తేనెలా ఉంది.

సూరిబాబు మోసగాడు కాదు, అదీ రాసుకో. వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచి తన సంగతి తనే చెప్పాడు.

"అమ్మగారూ, మీ దగ్గర దాపరికం ఎందుకండీ. నాది సెట్టు పని. కెమెరాకి కనపడే పక్క అద్దంలా ఉంటాది. ఆ వెనక సంగతి, ఎన్నాళ్ళుంటాది అన్న సంగతి నన్నడగొద్దండి. ఆయ్, మీరు దగ్గరుండి చూసుకుంటానంటేనే చేస్తాను."

అంత సూటిగా చెప్పాడు మనిషి. నేను దాన్ని వినయం అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

మర్నాడు మల్లేశం వచ్చాడు. బోరబండలో వెల్డింగు షెడ్డు. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, చేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు. చెప్పులు బయట విడిచి వచ్చి పైకి చూడలేదు. గుమ్మంలో గొంతుక్కూర్చుని నేలని అరచేత్తో తడిమాడు. పగిలిన అద్దాలు ఎప్పుడూ ఈ మూడేనా మేడం అని అడిగాడు. అవునన్నాను. సంచీలోంచి ప్లాస్టిక్ గొట్టం తీసి నీళ్ళు నింపాడు. ఒక కొస కుడి మూలన, ఒక కొస ఎడమ మూలన పట్టి నీటి మట్టం గుర్తు పెట్టాడు. గొట్టం పరవడానికి అడ్డొచ్చిన కుండీల్ని ఒక్కొక్కటే జరిపి, పనయ్యాక ఎక్కడిది అక్కడ పెట్టాడు, కింద కుండీ మచ్చ కూడా తప్పకుండా. ఎడమవైపు రెండంగుళాలు దిగింది.

వీరభద్రం గారి భార్య అనసూయమ్మ గారు అప్పుడు అక్కడే ఉన్నారు. రోజూ పొద్దున్న ఎడమ మూల పేము కుర్చీలో కూర్చుని కాఫీ తాగేవారు. ఏమైందయ్యా అని ఆవిడ అడిగితే, మట్టి కుంగిందమ్మా, కొండ మీద గిట్లనే అయితది అన్నాడు. తర్వాత కుర్చీ చూపించి, "జర గీ కుర్చీ ఆ పక్కకు జరుపుకోరాదమ్మా. గాడ కింద రాయి ఉన్నది. గీడ లేదు" అన్నాడు. ఆవిడ నవ్వి, ఇక్కడ వెలుతురు బాగుంటుందయ్యా అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్ళాక నన్నడిగాడు, గిది ఎవరు కట్టిన్రు మేడం అని.

ఎవరో పాత కాంట్రాక్టరు అన్నాను.

ఒక్క క్షణం నాకేసి చూశాడు. సరే మేడం అన్నాడు. ఎడమవైపు నేలంతా తీసేసి రాయి దొరికేదాకా పోయి స్తంభాలు లేపాలి, రెండు నెలలైతది, గంతకంటె తక్కువల ఎవరు చేస్తమన్నా నమ్మకున్రి అని చెప్పి గొట్టంలో నీళ్ళు మొక్కల మొదట్లో పోసి వెళ్ళిపోయాడు.

మనిషిని ఎంచడం అంత తేలిక. ఒకడు పైకి చూశాడు, ఒకడు కిందకి చూశాడు. నువ్వయినా చెప్పగలవు ఎవర్ని పెట్టాలో.

ఒక నిజం

సాయంత్రం వీరభద్రం గారు హాల్లో కూర్చుని, ఎవర్ని పెడదాం రాజేశ్వరీ అన్నారు. ఆయన వెనక గోడ నిండా షీల్డులు. నేను నిలబడి ఉన్నాను.

మల్లేశం పేరు చెబితే తర్వాతి ప్రశ్న, నేల ఎందుకు తవ్వాలి? అప్పుడు తవ్వలేదు కాబట్టి. అప్పుడు ఎవరు తవ్వించలేదు? అదీ నాకు కనిపించింది. ఉద్యోగం పోతుందని కూడా కాదు, ఆయన మంచివారే, ఉంచేవారేమో. ఇన్నేళ్ళూ ఆ గది చూపించి, మా రాజేశ్వరి కట్టించింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్న మనిషి ముందు తల దించుకోవాలి. అది నావల్ల కాలేదు.

నేను అబద్ధం చెప్పలేదు శ్రావ్యా. చూడు ఎంత తెలివిగా చేశానో. "మల్లేశం పని గట్టిగా చేస్తాడండి. కిందటేడు ఆ కోట సెట్టుకి ఇనప పని మొత్తం ఇతనే చేశాడు" అన్నాను. నిజమే. ఆ సెట్టు ఎంత గట్టిదంటే, పడగొట్టడానికి కట్టినదానికన్నా ఎక్కువ రోజులు పట్టింది. ఆ సినిమా మాత్రం వారం ఆడలేదు.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. "ఆ సినిమానా?"

"అవునండి."

"అతన్ని కాంపౌండు లోపలికి ఎందుకు రానిచ్చావమ్మా? గదిలో కూడా తిరిగాడా?"

"కొలతలు తీసుకున్నాడండి."

ఆయన లేచి పూజగదిలోకి వెళ్ళిపోయారు. పని సూరిబాబుకి ఖాయమైంది. ఒక మనిషిని మెచ్చుకుంటూ ముంచడం ఎలాగో ఆ రోజు నేను నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు.

నా లెక్కలో అది ఒక గది పని పోవడం, అంతే. కానీ వీరభద్రం గారు ఇంకో ప్రొడ్యూసరుకి చెప్పారు, ఆయన మేనేజరుకి చెప్పాడు, ఆ మేనేజరు ఫిల్మ్‌నగర్‌లో కనపడ్డవాళ్ళకల్లా చెప్పాడు. అంతకుముందు ఆ కోట సినిమా సంగతి మల్లేశం మీదకి ఎవరూ తేలేదు. వెల్డింగు చేసేవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పేరు పెట్టి గుర్తు చేసింది నేను. ఐరన్ లెగ్ అన్నారు. నెల తిరక్కుండా కొండ మీద అతనికి గేటు పని కూడా దొరకలేదు.

ఒకసారి వీరభద్రం గారింటి గేటు దగ్గరికి వచ్చాడు. వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే నేనే బయటికి వెళ్ళాను.

"మేడం, నాతోటి ఏమన్న తప్పయ్యిందా?"

"సారు వేరేవాళ్ళకి ఇచ్చేశారు మల్లేశం."

"పని ఇయ్యకుంటె ఫికర్ లేదు. గా మట్టి సంగతి మాత్రం కొత్తాయనకు చెప్పున్రి. అమ్మ రోజు గాడనే కూసుంటది."

చెబుతానన్నాను. సూరిబాబు ఎడమవైపు చట్రం బిగిస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేల గట్టిదేనాండీ అని అడిగాడు కూడా. గట్టిదే అన్నాను.

కుర్చీ

కొత్త గది చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. కొబ్బరికాయ కొట్టి షాటు తీశారు. ఆ సినిమా ఆడలేదు. దాని తర్వాతదీ ఆడలేదు. మొదటి వానాకాలంలో ఎడమవైపు మూడు అద్దాలూ బీటలు వారాయి. నేను టోలిచౌకి వెళ్ళాను. మళ్ళీ అవేనా మేడం అన్నాడు సేటు, నవ్వుతూ.

రెండో వానాకాలంలో ఒక పొద్దున్న, వాన కూడా లేదప్పుడు, రాత్రంతా పడి ఆగింది, అనసూయమ్మ గారు కాఫీ తాగుతుండగా పైకప్పు నుంచి ఒక అద్దం జారి పడింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకున్నారు కాబట్టి మొహం దక్కింది. కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ మడత పడలేదు. కాఫీ కప్పు ఎడంచేత్తో పట్టుకోవడం నేర్చుకున్నారు.

వీరభద్రం గారు ఏమన్నారో తెలుసా? ఆ బోరబండవాడు ఆ రోజు గదంతా కొలిచాడు, అప్పుడే అనుకున్నాను అన్నారు. రెండు సినిమాలూ, భార్య చెయ్యీ, అన్నీ మల్లేశం ఖాతాలో వేశారు. సూరిబాబుని ఒక్క మాట అనలేదు. నన్నయితే, పాపం నువ్వు ఎంత కష్టపడి కట్టించావో అన్నారు.

అనసూయమ్మ గారు అలా అనలేదు. కట్టు విప్పిన రోజున నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు.

"అతను కుర్చీ జరుపుకోమన్నాడు. నువ్వు విన్నావు కదా?"

"విన్నానండి."

"నాకు కుర్చీ సంగతి చెప్పాడు. నీకేం చెప్పాడు?"

చెప్పాను. రెండంగుళాలు, రాయి, రెండు నెలలు, అన్నీ. పాత పునాది రాతి దాకా తవ్వించనిది నేనేనని కూడా చెప్పాను. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఆ రెండు వేళ్ళకేసి చూసుకుంటూ, "నాకు చెప్పావు సరే. నేనేం చేసుకోను? అతనికి చెప్పిరా" అన్నారు.

బోరబండ

మల్లేశం షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను. రైలు పట్టాల అవతల, ఎత్తు ఎక్కే సందులో ఉంది. కొండ మీద పని పోయాక కిటికీ ఊచలు, మంచాల కోళ్ళు అతికి ఇస్తున్నాడు. నెత్తి సగం నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. స్టూలు తుడిచి వేసి చాయ్ తెప్పించాడు. అద్దం పడిన సంగతి అప్పటికే తెలుసు. అమ్మకు చెయ్యి ఎట్లున్నది అని ముందు అదే అడిగాడు.

నేను వచ్చిన పని చెప్పాను. కోట సెట్టు మాట సారు చెవిన వేసింది నేనే అన్నాను.

"నాకెర్కే మేడం. సారు అన్న మాట సూరిబాబు చెప్పిండు."

"మరి ఒక్కసారీ అడగలేదే?"

"ఏమని అడగాలె? సినిమా ఆడకుంటె ఎవరిదో ఒకరి పేరు చెప్తరు. అది కొత్తేం కాదు." చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "నాకు సమజ్ కానిది ఒక్కటే. మీ పేరు నేను చెప్పలే గద. మీరెందుకు నా పేరు చెప్పిన్రు?"

నాకు అర్థం కాలేదు. నా పేరేమిటి అన్నాను.

"మెట్టు మీద రాసుంది. గొట్టం పరిచేటప్పుడు కుండీ జరిపిన. రాజేశ్వరి అని ఉన్నది. అమ్మ ఆడనే ఉన్నది, సారు వచ్చే టైమైంది. కుండీ మల్ల గాడనే పెట్టిన. మట్టి కుంగింది అన్న గని, తవ్వకుండ కట్టిన్రు అనలే. ఒకరి అన్నం ఎందుకు పోగొట్టాలె అనుకున్న."

చేతిలో చాయ్ చల్లారిపోయింది. నేనేం మాట్లాడానో గుర్తులేదు. మళ్ళీ కట్టాలి, నువ్వే రావాలి, నేను తీసుకెళ్తాను అన్నట్టున్నాను.

"పని వద్దు మేడం. సారు ముందట మీరొక్కసారి చెప్పున్రి. నా పేరు నాకు వాపస్ వస్తె చాలు."

మెట్టు

మర్నాడే వెళ్ళాను. అప్పటికే గది పడగొడుతున్నారు. సెంటిమెంటు తిరగబడిందట, అక్కడ గడ్డి వేయిస్తారట. వీరభద్రం గారు వరండాలో కూర్చుని చూస్తున్నారు. నేను నిలబడి మొత్తం చెప్పాను. ముహూర్తం, ఛాతీ లోతు, మేస్త్రి అడగడం, నేను చాలనడం. మల్లేశం మొదటి రోజే కనిపెట్టాడని చెప్పాను. నేను కావాలనే ఆ సినిమా పేరు ఎత్తానని చెప్పాను.

ఆయన అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. అదే నాకు పడిన శిక్ష. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా రాజేశ్వరీ, గదే పోయాక. మట్టి అంటావు, రాయి అంటావు. ఏదయితేనేం, అతను అడుగు పెట్టాకే కదా ఇదంతా" అన్నారు. కూలీల్ని పిలిచి ఆ ఇనుమంతా త్వరగా బయటికి పంపమన్నారు.

మేనేజర్లకి చెప్పాను. తెలిసిన ఇళ్ళల్లో చెప్పాను. మీకు జాలి ఎక్కువ మేడం అనేవాళ్ళు. నేను ఎంత నిజం చెబితే అంత మంచిదాన్ని అయిపోయేదాన్ని, మల్లేశం మాత్రం అక్కడే ఉండేవాడు. నా మాట ఒక్కసారికే పనిచేసింది, అది చెడు చేసినప్పుడు. వీరభద్రం గారి దగ్గర మానేశాను. తర్వాత ఎర్రగడ్డ వైపు చిన్న ఇళ్ళు కట్టించాను చాలా, ఏ ఇంటికీ సినిమా పిచ్చి లేని చోట. అక్కడ మల్లేశాన్ని పిలిచాను. రెండుసార్లు కబురు పంపితే, చేతిల పని ఉన్నదని చెప్పి పంపించాడు. మూడోసారి నేను పంపలేదు.

ఇది రాశాక ఏం నేర్చుకోవాలో కింద వరసగా రాయకు. ఎవర్ని ఎంచుకోవాలో నాకు ఆ రోజూ తెలుసు. మనిషిని ఎంచడం రాక జరిగింది కాదు ఇది. నీకు కూడా ఎంచడం వస్తుంది. ఎంచిన మనిషి నీ తప్పు బయటపెట్టేవాడైనా సరే పిలవగలవా అన్నదే పరీక్ష. అది నువ్వు సైటులోనే తేల్చుకోవాలి.

ఏమిటి, పేర్లు మార్చాలా? మిగతావాళ్ళవి మార్చు. మల్లేశం పేరు ఉంచు. వెల్డరు, బోరబండ. నా పేరు కూడా ఉంచు.

ఆ రోజు రాళ్ళూ సిమెంటూ లారీకి ఎత్తుతుంటే గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. మెట్టు మూడు ముక్కలైంది. కుండీ లేదు. ఇద్దరు కూలీలు నా పేరున్న ముక్కని రెండు పక్కలా పట్టుకుని, చదువుకోకుండానే, లారీలోకి విసిరేశారు. ఎక్కడో పల్లంలో పోసి ఉంటారు, పైన ఎవరో ఇల్లు కట్టే ఉంటారు. ఇక ఆ రాత ఎక్కడా లేదు.

అందుకని నువ్వు రాయి. ఎడమవైపు రాతి దాకా తవ్వాల్సింది. తవ్వించలేదు. తవ్వించనిది రాజేశ్వరి. మల్లేశం మెట్టు మీద ఆ పేరు చూసి, ఎవరికీ చెప్పకుండా కుండీతో కప్పిపెట్టాడు.

రాశావా? ఆ ముక్క ఒక్కసారి పైకి చదువు.